పడుకోబెట్టి చదివిన నడక

నాకు తెలిసినంతలో, ఆ రోజుల్లో వరంగల్‌లో మెదడు గీతలు తీసే మిషన్ నడపడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ సంగతి ఇప్పుడు చెప్పుకోవాలంటే నోరు చేదవుతుంది గానీ, అప్పట్లో బజారులో వంకాయలు బేరమాడేటప్పుడు కూడా నాకు అది గుర్తుండేది. హైదరాబాద్‌లో ఆరు నెలలు ఉండి నేర్చుకొచ్చాను. వచ్చేటప్పుడు ఒక తెల్లకోటు కుట్టించుకున్నాను. ఎవరూ కుట్టించుకోమనలేదు.

ఎనభైల మొదటి రోజులవి. నేను పనిచేసే ఆసుపత్రి వెనకవైపు, ఎక్స్‌రే గదికి ఆనుకుని నాకొక గది ఇచ్చారు. రోగిని మంచం మీద పడుకోబెట్టి, తల మీద అక్కడక్కడా తెల్లటి జిగురు రాసి, చిన్న లోహపు బిళ్ళలు అంటించి, వాటి తీగలు మిషన్‌కు తగిలించేవాణ్ణి. మిషన్ ఆన్ చేస్తే కాగితం కదిలేది, దాని మీద ఎనిమిది కలాలు సిరాతో గీతలు గీసేవి. రోగి కళ్ళు మూసుకోవాలి, కదలకూడదు. పళ్ళు కొరికినా, ఉమ్మి మింగినా, కాలి వేలు ఆడించినా గీతలు చెడిపోయేవి. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు తలకు కరెంటు పెడతామేమోనని హడలిపోయేవారు. "నాకు పిచ్చి లేదు సారూ" అని చేతులు పట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకు నచ్చజెప్పడం మానేసి గదమాయించడం ఎప్పుడు మొదలుపెట్టానో నాకు గుర్తులేదు.

నన్ను చదివించింది మా బావ. మా అమ్మానాన్నలు నా చిన్నప్పుడే పోయారు. అక్కకు పెళ్ళయినప్పుడు వేరే దిక్కులేక నేనూ ఆమె వెంట వెళ్ళాను. బావ నన్ను ఒక్కనాడూ పరాయివాణ్ణిగా చూడలేదు గానీ, ఎగతాళి మాత్రం ఏనాడూ మానలేదు. "ఒక్కదాన్ని అడిగితె ఇద్దర్నిచ్చిన్రు, గిసుంటి అత్తగారిల్లు ఎవనికి దొరుకుతది" అని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. నేను పొడుగ్గా పెరిగి ఆయన చొక్కాలు వేసుకోవడం మొదలుపెట్టాక, "బామ్మర్దీ, ఇగ చెప్పులు గూడ తొడుక్కో, డ్యూటీకి నువ్వే పో, నేను పంటా" అనేవాడు.

ఆ డ్యూటీ రైల్వేలో కీమ్యాన్ డ్యూటీ. స్టేషన్ ఘన్‌పూర్ వైపు పోయే లైనులో కొంత దూరం ఆయనది. పొద్దున్నే భుజాన పొడుగు సుత్తి, సంచిలో పానా, రెండు జెండాలు పట్టుకుని పట్టాల మధ్య నడుస్తూ, పట్టాలను పట్టి ఉంచే కీలు ఎక్కడ వదులైతే అక్కడ సుత్తితో బిగిస్తూ పోవాలి, మళ్ళీ నడుస్తూ తిరిగి రావాలి. పట్టాల మధ్య నడక అంటే సిలీపర్ల మీద నడక. ఆ అడ్డచెక్కలు మన అంగను చూసి వేసినవి కావు. ఒక్కొక్కటి దాటితే అడుగు చిన్నదవుతుంది, రెండేసి దాటితే తొడలు పట్టుకుంటాయి. కొత్తగా చేరినవాళ్ళు నెల రోజులు మూలుగుతారు. పాతవాళ్ళకు అదే అసలు నడక అయిపోతుంది. డెబ్భైల్లో మేమున్న రైల్వే క్వార్టర్లలో, లైను మీద పనిచేసేవాళ్ళను దూరం నుంచి నడక చూసే గుర్తుపట్టేవాళ్ళం. పెళ్ళికి పోయినా, చర్చికి పోయినా, కింద చెక్కలున్నట్టే కొలిచి అడుగులు వేసేవారు. అక్క ఆ నడకను వెక్కిరించేది. బావ ఇంకా కొలిచి వేసేవాడు.

నలభై దాటాక ఆ నడక చెడింది. మొదట కుడి చెయ్యి ఊగడం మానేసింది. తర్వాత ముఖం బిగుసుకుంది. ఎగతాళి చేస్తున్నప్పుడు కూడా నవ్వు కనపడేది కాదు, మాటను బట్టి మేమే అర్థం చేసుకోవాల్సి వచ్చేది. ఆ తర్వాత ఒకరోజు పొద్దున, ఇంటి ముందు నల్లా దగ్గరికి పోతూ మధ్యలో ఆగిపోయాడు. చేతిలో ఖాళీ బకెట్. మడమలు లేస్తున్నాయి, వేళ్ళు మాత్రం నేలను వదలడం లేదు.

"ఏమైంది?" అంది అక్క.

"కాళ్ళు వస్తలేవ్."

"వస్తలేవంటె?"

"నేను పోతాన, అవి వస్తలేవ్."

అక్క దగ్గరికి వెళ్ళి ముందు ఆయన నోరు వాసన చూసింది. బావ తాగడని ఆమెకు తెలుసు, అయినా చూసింది. తర్వాత ఆ పని గుర్తొచ్చినప్పుడల్లా తనను తానే తిట్టుకునేది.

చర్చిలో జరిగింది ఇంకోటి. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి అందరూ వరసగా పోతుంటే బావ నడవలో ఆగిపోయాడు. వెనక వరస మొత్తం ఆగింది. తల వంచి, కాళ్ళ వైపే చూస్తూ, చెమటలు కారుతూ నిలబడ్డ మనిషిని చూసి, మనస్సాక్షి ఆయనను పట్టి ఆపిందనుకున్నారు. పాస్టర్ గారు దిగి వచ్చి భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. ఆరాధన అయ్యాక ఒక పెద్దమనిషి దగ్గరికి వచ్చి, "ఏం చేసినవో చెప్పు తమ్మీ, ఒప్పుకుంటె బరువు దిగుతది" అన్నాడు. బావ ఇంటికొచ్చి, "ఏదన్న ఒకటి చేసినా బాగుండు, ఒప్పుకుందును" అన్నాడు. ఆ రోజు ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ ఇంట్లో అలా నవ్వడం మళ్ళీ నాకు గుర్తులేదు.

అసలు చిక్కు ఎక్కడొచ్చిందంటే, లైను మీద ఆయన బాగానే నడిచేవాడు. పొద్దున హాజరు వేసేచోట లైను ఇన్‌స్పెక్టర్ పేరు పిలిస్తే, పది అడుగులు వేసి సంతకం పెట్టలేకపోయేవాడు. గుంజ పాతినట్టు నిలబడేవాడు, తోటివాడు ఎవరో చెయ్యి పట్టి లాగాలి. అదే మనిషి పట్టాల మధ్యకు ఎక్కితే చాలు, సుత్తి భుజాన వేసుకుని సాఫీగా పోయేవాడు. ఇన్‌స్పెక్టర్ దీన్ని నాలుగైదు రోజులు గమనించాడు. ఆయన చెడ్డవాడేం కాదు, కళ్ళతో చూసింది నమ్మాడు. "పనికి లేస్తయ్, దస్కతుకు లేవయా నీ కాళ్ళు? కూసునే డ్యూటీ కోసం నాటకమాడ్తానవా?" అన్నాడట. లైను గ్యాంగులో మిగతా పనివాళ్ళు కూడా లోపల అదే అనుకున్నారు. గేటు దగ్గరో స్టోరులోనో కూర్చునే పని వాళ్ళలో ఎవరికి వద్దు?

బావకు కావాల్సింది కూర్చునే పనే, అందులో అబద్ధం లేదు. ఎందుకు కావాలో మాత్రం అక్కకు ఒక్కదానికే చెప్పాడు. "లైను మీద నడువొస్తది. బండి వస్తె పక్కకు దిగాలె గద. దిగినంక అది మామూలు నేల. ఆడ కాళ్ళు పట్టుకుంటె?" రైలు వస్తుంటే కీమ్యాన్ పట్టా దాటి, కంకర దిగి, దూరంగా నిలబడాలి. ఆ లైనులో రోజుకు ఎన్ని బండ్లు వస్తే అన్నిసార్లు దిగాలి.

అక్క ఆ మాట నాకు చెప్పి, "నువ్వు దవాఖానల ఉంటివి. తలకాయ లోపలిది గీతలు తీస్తవట గద. బావది తీసి, బీమారి ఉన్నదని ఒక కాయితం ఇప్పియ్యి. లైను మీదికెళ్ళి తీసేసి కూసునే పని ఇస్తరు" అంది. ఆమె తన జీవితంలో నన్ను అడిగింది అదొక్కటే.

బావను తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాను. నేను జిగురు రాస్తుంటే, "పాత కక్షలేమన్న ఉంటె ఇప్పుడే చెప్పు బామ్మర్దీ, కరెంటు పెట్టినంక చెప్తె ఏం లాభం" అన్నాడు. మాట్లాడొద్దన్నాను. కళ్ళు మూసుకోమన్నాను. ఆయన చెప్పినట్టల్లా విన్నాడు. అంత కుదురుగా పడుకున్న రోగిని ఆ నెలలో చూడలేదు, అంత శుభ్రమైన గీతలూ చూడలేదు. ఆగిపోవడమే జబ్బయిన మనిషిని ఆపి పెట్టి చూశాం. నడకను పడుకోబెట్టి చదివాం. ఈ మాట ఇప్పుడు తోస్తోంది గానీ అప్పుడు తోచలేదు. కాగితం మీద 'నార్మల్' అని రాశాను. మా నరాల డాక్టరు, చదువు ముగించుకుని కొత్తగా వచ్చిన యువకుడు, గీతలు అటూ ఇటూ తిప్పి సంతకం పెట్టాడు.

బావకు ఇంగ్లీషు రాదు. బామ్మర్ది ఇచ్చిన కాగితం కాబట్టి తన మేలుకే ఉంటుందనుకుని, ప్లాస్టిక్ సంచిలో మడత పడకుండా పెట్టుకుని రైల్వే డాక్టరు దగ్గరికి బయల్దేరాడు. అందులో ఏముందో నేను చెప్పలేదు. ఉన్నదున్నట్టు రాశాను, నా పనికి బంధువని లేదు, పరాయని లేదు అనుకుని పైగా గర్వపడ్డాను. తోడుగా కూడా వెళ్ళాను.

ఆ డాక్టరు గది ముందు పొడుగాటి వరండా. కింద షాబాదు బండలు పరిచి ఉన్నాయి, బండకూ బండకూ మధ్య తెల్లటి సిమెంటు గీత. "ఆ చివరిదాకా నడిచి రా" అన్నాడు డాక్టరు. బావ నడిచాడు. ఒక్కో గీతా దాటుకుంటూ చివరిదాకా పోయాడు, మళ్ళేటప్పుడు కొంచెం తడబడ్డాడు, మళ్ళీ గీతలు దాటుకుంటూ వచ్చాడు. ఏ కాళ్ళు అన్నిచోట్లా ఆయన పరువు తీశాయో, అవే కాళ్ళు ఆయనకు నడవకుండా ఉండడం అవసరమైన ఒక్కచోట బ్రహ్మాండంగా నడిచాయి. డాక్టరు చేతులు చాపమన్నాడు. వణుకు లేదు. "నడక ఆగే జబ్బయితే చేతులు కూడా వణకాలయ్యా" అన్నాడు. నా కాగితం చదివాడు. 'ఫిట్' అని రాశాడు.

మెట్లు దిగి బయట మట్టిలో అడుగు పెట్టగానే బావ ఆగిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "చాలు బావా, ఇగ చూసెటోడు ఎవడు లేడు, నడువు" అన్నాను. ఆయన నా వైపు చూశాడు. బిగుసుకుపోయిన ఆ ముఖంలో నాకేమీ కనిపించలేదు. రిక్షా పిలిచి ఎక్కించాను. ఇంటికొచ్చాక అక్క ముందే, "కూసోని తినాల్నని ఉంటె సక్కగ చెప్పమను, నా పరువెందుకు తీస్తడు" అన్నాను. ఆయన చొక్కాలు తొడుక్కుని, ఆయన కట్టిన ఫీజులతో చదువుకున్న నోరు అది. అక్క నా ముందు నుంచి కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. బావ మాత్రం, "పోరడు తినలే, పిలువు" అన్నాడు లోపలికి వినపడేలా.

తర్వాతి వారం మా డాక్టరుతో మాటల మధ్య ఈ సంగతి వచ్చింది. నేను ఎత్తిపొడుపుగానే చెప్పాను. "వాకిట్లో నడవలేడట సార్. సిలీపర్ల మీద మాత్రం గుర్రంలా పోతాడు."

ఆయన తాగుతున్న చాయ్ కింద పెట్టాడు. "ఏమన్నావ్? మళ్ళీ చెప్పు" అన్నాడు. నేను వరండాలో బండల సంగతి కూడా చెప్పాను. ఆయన లేచి తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు. పార్కిన్సన్స్ జబ్బులో కొందరికి చేతుల వణుకు ఉండదనీ, నడకే పోతుందనీ చెప్పాడు. మామూలుగా మనం తలచుకోకుండానే నడుస్తాం, ఆ పని మెదడు లోతుల్లో తనంతట తానే జరిగిపోతుంది. ఆ లోపలి దారి మూసుకుపోయినవాడికి కళ్ళు ఇంకో దారి తెరుస్తాయి. ముందు దాటడానికి ఒక గీతో కట్టో కనిపిస్తే కాలు లేస్తుంది. "ఏడాదిగా నేను వెతుకుతున్న మనిషి నీ ఇంట్లోనే ఉన్నాడయ్యా" అన్నాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. నేనూ నవ్వాను.

రెండు రోజులకు ఆయన స్కూటర్ మీద ఇద్దరం లైను దగ్గరికి వెళ్ళాం. బావ డ్యూటీలో ఉన్నాడు. డాక్టరు నడవమన్నాడు, బావ చెక్కల మీద నడిచాడు. దిగి పక్కన బాటలో నడవమన్నాడు, ఆగిపోయాడు. మళ్ళీ ఎక్కమన్నాడు. చెయ్యి పట్టి ఎక్కిస్తే మళ్ళీ నడిచాడు. ఇలా ఎన్నిసార్లో. డాక్టరు అడుగులు లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు. బావ నాతో, "మీ సారుకు పిల్లలు లేరా, బొమ్మలు కొనియ్యరాదు" అన్నాడు మెల్లగా.

అప్పుడు గూడ్సు కూత వేసింది. బావ పట్టా దాటాడు. పట్టా కూడా గీతే కదా, అది దాటగలిగాడు. కంకర మీద కాలు పెట్టి ఆగిపోయాడు. పట్టాకు మూరెడు దూరం. చెయ్యి చాపి పచ్చజెండా పట్టుకున్నాడు, నియమం ప్రకారం. ఇంజను నడిపేవాడికి పద్ధతిగా నిలబడ్డ ఒక కీమ్యాన్ కనిపిస్తున్నాడు, అంతే. "బావా, దిగు" అని అరిచాను. మడమలు లేచి పడుతున్నాయి. కళ్ళు మాత్రం నా మీద ఉన్నాయి. నేను పరుగెత్తి కాలర్ పట్టుకుని లాగాను. ఇద్దరం కట్ట కిందికి దొర్లాం. బండి మా పక్కనుంచి చాలాసేపు పోయింది.

లేచి చూస్తే డాక్టరు ఇంకా రాసుకుంటున్నాడు. బావ ఇప్పటికైనా నమ్మావా అని అడగలేదు. "మోచెయ్యి కొట్టుకపోయింది చూడు, మట్టి వోయెటట్టు కడుక్కో. అక్కకు చెప్పకు, ఫికర్ చేస్తది" అన్నాడు. ఆ మనిషి ఇన్నాళ్ళూ రోజూ ప్రాణాలతో ఇంటికి ఎలా వస్తున్నాడో నాకు ఆ పూట తెలిసింది. నేను అక్కకు చెప్పలేదు.

స్కూటర్ మీద తిరిగి వస్తూ, "రైల్వేవాళ్ళకు ఉత్తరం రాయండి సార్" అన్నాను.

"రాస్తాను. రెండు నెలలు ఆగుదాం. ఇప్పుడే లైను మీద నుంచి తీసేస్తే ఆ అలవాటు తప్పుతుంది, మనకు చూడటానికేం మిగలదు. ఈ వ్యాసం అచ్చయితే నీ పేరు కూడా వేస్తాను. నువ్వు లేకపోతే ఈ కేసే లేదు కదా" అన్నాడు.

నేను వెనక సీట్లో కూర్చుని నా పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. ఇంటిపేరు ముందు వేయాలా వెనక వేయాలా అని కూడా ఆలోచించాను. డాక్టరును ఎన్ని తిట్లు తిట్టుకున్నా, ఈ ఒక్క సంగతి దగ్గరికి వచ్చేసరికి నా నోరు పడిపోతుంది.

అప్పటినుంచి బావ పదిహేను రోజులకోసారి నా గదికి వచ్చేవాడు. డాక్టరు మాత్రలు ఇచ్చాడు. అవి కొంత పనిచేశాయి కూడా, కానీ గీతలు తీసే రోజున వేసుకోవద్దనేవాడు. నడిపిస్తూ గీతలు తీసే వీలు ఆ మిషన్‌తో లేదు కాబట్టి ఆయనొక ఉపాయం కనిపెట్టాడు. పడుకోబెట్టి, "ఇప్పుడు వాకిట్లో నడుస్తున్నట్టు మనసులో అనుకో" అని కొంతసేపు, "ఇప్పుడు లైను మీద నడుస్తున్నట్టు అనుకో" అని కొంతసేపు. లైను అన్నప్పుడు మధ్యలో రెండు కలాల గీతలు చిన్నవయ్యేవి. వాకిలి అన్నప్పుడు కావు. నేను అక్కడ ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెట్టేవాణ్ణి. డాక్టరు ఆ కాగితాలు గది నిండా నేల మీద పరిచి, వాటి మధ్య మోకాళ్ళ మీద పాకుతూ చూసుకునేవాడు.

ఇంటికి పోయాక అక్క కుంకుడుకాయలు కొట్టి బావ తల రుద్దేది, ఆ జిగురు ఒక పట్టాన వదలదు. రుద్దుతూ రుద్దుతూ, "లెటరు పోయిందా తమ్మీ?" అని అడిగేది. "పోయిందక్కా. పైకెళ్ళి ఆర్డరు రావాలె" అనేవాణ్ణి. నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ అదే చెప్పాను.

జూన్ దాటింది. ఒకరోజు నేను తీగలు విప్పుతుంటే బావ కళ్ళు తెరిచి, "నా తలకాయల ఏమున్నదో దొరికిందా?" అన్నాడు.

"దొరుకుతాంది బావా."

"జర జల్ది చూడు బామ్మర్దీ. వానలు వడ్డయ్, కట్ట జారుతాంది."

ఆ మాట కూడా డాక్టరుకు చెప్పాను. ఇంకో రెండుసార్లు గీతలు తీస్తే సరిపోతుందన్నాడు. సరే సార్ అన్నాను.

రెండోది తీయలేదు. ఒక మధ్యాహ్నం, సన్నటి వాన పడుతుండగా, ప్యాసింజరు వస్తుంటే బావ పట్టా దాటి కంకర మీద ఆగిపోయాడు. ఇంజను పక్కభాగం తగిలి కట్ట కింద పడ్డాడు. గ్యాంగువాళ్ళు ట్రాలీ మీద తెచ్చారు. అప్పటికే ప్రాణం లేదు. బండి నడిపినవాడు విచారణలో, "జెండా పట్టుకుని నా వైపే చూస్తూ నిలబడ్డాడు సార్. ఎన్ని కూతలు వేసినా జరగలేదు" అని చెప్పాడట. బండి రాకను చూసి కూడా తగిన దూరంలో నిలబడలేదు, మనిషి ఆరోగ్యంగా ఉన్నట్టు వైద్య పత్రాలున్నాయి, స్వయంగా చేసిన అజాగ్రత్త అని తేల్చారు. ఆ వైద్య పత్రాల్లో నా చేతిరాత ఉంది. కావాలనే నిలబడ్డాడా, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని అక్కను అడిగారు. క్వార్టర్లలో కూడా కొందరు ఆ మాటే గుసగుసలాడారు.

నేను పరుగున పోయి డాక్టరుకు చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి, "తలకు దెబ్బ తగిలిందా?" అని అడిగాడు. జాలితో అడిగాడనుకుని, "లేదు సార్, ఛాతీకి, నడుముకు" అన్నాను. ఆయన ఊపిరి వదిలాడు. మెదడు ఉంచుకోవడానికి మీ అక్క సంతకం కావాలన్నాడు. లోపల ఎక్కడ చెడిందో కోసి చూస్తే తప్ప ఈ పని పూర్తి కాదన్నాడు. అప్పుడు ఆయనను చెంపమీద కొట్టి ఉండాల్సింది. కొట్టలేదు. ఆ ఫారం తీసుకుని అక్క దగ్గరికి పోయాను.

అక్క శవాన్ని దించిన బెంచీ దగ్గర నేల మీద కూర్చుని ఉంది. నేను ఎలా చెప్పానో నాకే తెలియదు. ఆమె అంతా వింది.

"సచ్చినోళ్ళను లేపే రోజు వస్తది గద. గప్పుడు ఆ మెదడు లేకుంటె దేవుడు లేపలేడా?" అంది. నన్ను కాదు అడిగింది. తర్వాత, "తీస్కపొమ్మను. కని నాకొక కాయితం గావాలె. అది నాటకం గాదు, బీమారి అని. దస్కతు పెట్టి ఇయ్యమను" అంది. తప్పకుండా ఇస్తానన్నాడు డాక్టరు. అక్క వేలిముద్ర వేసింది.

సీసాలో మందునీళ్ళు పోసి అందులో పెట్టారు. కోయడానికి వీలుగా గట్టిపడాలంటే కొన్ని వారాలు పడుతుందన్నారు. ఆ వారాలు గడవకముందే డాక్టరుకు వేరే ఊళ్ళో పెద్ద ఉద్యోగం వచ్చింది. ఎర్ర పెన్సిలు గుర్తులున్న కాగితాలన్నీ పెట్టెలో సర్దుకుని పోయాడు. సీసాను తర్వాత పంపమంటానన్నాడు, పంపమనలేదు. నేను రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఆయన స్థానంలో వచ్చినవాడికి మూర్ఛ రోగుల మీద తప్ప ఆసక్తి లేదు. వ్యాసం అచ్చయిందో లేదో నాకు తెలియదు. గోడలకు సున్నం వేసినప్పుడు ఆ సీసాను ఒక అల్మారాలోంచి ఇంకో అల్మారాలోకి నేనే మార్చాను. చేతుల్లో బరువుగా ఉంది. ఎవరూ దాన్ని కోయలేదు, ఎవరూ చూడలేదు.

అక్క కుట్టుమిషన్ తొక్కి బతికింది. నేను నెలకోసారి పోయేవాణ్ణి. పోయిన ప్రతిసారీ, చాయ్ చేతికిచ్చి, "కాయితం వచ్చిందా?" అనేది. "ఇంకా చూస్తాన్రట" అనేవాణ్ణి. ఇలా ఐదేళ్ళు పైనే గడిచింది. ఒకరోజు ఇక అబద్ధం చెప్పలేక, ఇంకో అబద్ధం చెప్పాను.

"అయిపోయిందక్కా. కోసి చూసిన్రట. బీమారేనట, నాటకం గాదని తేలింది. కాయితం పంపిస్తమన్నరు" అన్నాను.

ఏ డాక్టరు చూశాడు, ఎప్పుడు చూశాడు అని అడిగితే చెప్పాల్సినవి దారిలో కూడబలుక్కునే పోయాను. ఆమె అవేమీ అడగలేదు. మిషన్ తొక్కడం ఆపి, కుడుతున్న జాకెట్టు ఒళ్ళో పెట్టుకుంది.

"నాటకం గాదని నాకు మొదటికెళ్ళి ఎర్కనే" అంది. "ఆ కాయితం ఊరోళ్ళ కోసం. నీకెప్పుడు ఎర్కైంది, అది చెప్పు."

కట్ట కింద కంకరలో ఆయన కాలర్ నా పిడికిట్లో ఉన్న పూటే నాకు తెలిసింది. బావ పోవడానికి నాలుగు నెలల ముందు.

"ఇప్పుడే అక్కా" అన్నాను. "గీ దవాఖానోళ్ళు చెప్పినంకనే."